నడి ఏటి అప్పగింతలు

పాక్ హోయ్ పోలీసు స్టేషన్లో హెడ్డుగా పనిచేసే బున్‌లోమ్ దగ్గర ప్రభుత్వం ఇవ్వని ఆయుధం ఒకటుండేది. అది ఒక పాత బనీను. చంకల దగ్గర చిరిగి, ఉతికి ఉతికి దోమతెరలా పలచబడిపోయింది. దాన్ని వెదురుగడ కొసకి కట్టి స్టేషన్ వెనక రేవు మెట్ల మీద నిలబెడితే చాలు, మెకాంగ్ నది అవతలి ఒడ్డు నుంచి, అంటే పరాయి దేశం నుంచి, ఒక పడవ బయలుదేరేది. ప్రభుత్వం వారి చొక్కా కట్టొచ్చుగా అని ఎవరైనా వేళాకోళం చేస్తే, "అది మట్టిరంగు. అవతలికి ఆనదు. అయినా దాని పవరెంతో మీకు తెలీదా ఏంటి?" అనేవాడు.

అందరికీ తెలుసు. ఆ చొక్కా అధికారం నీళ్ళ అంచు దాకానే. ఇవతల థాయ్, అవతల లావో. రెండు ఒడ్లవాళ్ళూ తినేది ఒకే జిగురన్నం, నంజుకునేది ఒకే పులిసిన చేప, తిట్టుకునేది ఒకే భాషలో. కానీ ఇవతల గేదెను దొంగిలించినవాడు అవతలి ఒడ్డెక్కాడంటే వాణ్ణి పట్టుకోవడానికి స్టేషన్ జిల్లాకు రాయాలి, జిల్లా రాజధానికి రాయాలి, ఈ రాజధాని ఆ రాజధానికి రాయాలి. ఆ కాయితం తిరిగొచ్చేసరికి దొంగకు మనవలు పుడతారు, గేదెకు మునిమనవలు పుడతారు. అందుకని ఆ ఏటి వెంట బుద్ధి ఉన్న పోలీసెవరైనా కాయితాన్ని పక్కనపెట్టి అవతల ఒక మనిషిని చూసుకుంటాడు. బున్‌లోమ్ చూసుకున్న మనిషి ఖంసింగ్.

ఖంసింగ్ అవతల ఊరి కాపలా దళానికి పెద్ద. పొట్టివాడు, గట్టివాడు, మాట పొదుపు. వయసులో ఉన్నప్పుడు పడవ పందేల్లో ఎదురెదురుగా తెడ్లు వేసి, పందెం అయ్యాక కొట్టుకుని, కొట్టుకున్నాక కలిసి తాగి, చివరికి ఇద్దరూ నేస్తం కట్టుకున్నారు. పెద్దాయన ఒకాయన మంత్రం చదువుతుంటే ఒకరి మణికట్టుకు ఒకరు తెల్లనూలు పోగు కట్టుకుని, ఒకే గిన్నెలో బియ్యం సారా తాగి, ఆ రోజు నుంచి ఒకరినొకరు 'సియావ్' అని పిలుచుకోవడం మొదలుపెట్టారు. అలా పిలుచుకున్నాక ఇక పేర్లతో పని లేదు. నీ ఇల్లు నా ఇల్లే, నీ పిల్లలు నన్నూ నాన్నా అనే పిలవాలి. సియావ్ అడిగితే కాదనకూడదు. కాదనాల్సింది సియావ్‌ని అడగకూడదు.

ఈ నూలుపోగు మీదే రెండు దేశాల శాంతిభద్రతలు ఏళ్ళ తరబడి నడిచాయంటే నవ్వుతారు గాని, నడిచాయి. ఇవతల తప్పు చేసి అవతలికి పారిపోయినవాణ్ణి ఖంసింగ్ తాడుతో చేతులు కట్టి నడి ఏటికి తెచ్చేవాడు. అక్కడ నల్లరాయి ఒకటి నీళ్ళలోంచి తల పైకెత్తి ఉంటుంది. దాని పక్కన రెండు పడవలూ ఆనించి, మనిషిని ఈ పడవలోంచి ఆ పడవలోకి దాటించేవాళ్ళు. ఖంసింగ్ పెట్టిన షరతు ఒక్కటే.

"నా చేతిలోంచి తీసుకున్నవాణ్ణి శిక్ష అయ్యాక మళ్ళీ నా చేతికే ఇవ్వాలి, సియావ్. ప్రాణంతో."

"ఇస్తాలే," అన్నాడు బున్‌లోమ్, సారా గిన్నె చేతిలో ఉన్నవాడు ఎవడైనా అన్నట్టే.

బున్‌లోమ్ వైపు నుంచీ ఒక జాగ్రత్త ఉండేది. పడవ ఇవతలి ఒడ్డుకు తిరగ్గానే, పట్టిచ్చిన ఆ అవతలి ఊరి కుర్రాడితో, "మీ ఊరి పేరు, మీ నాన్న పేరు ఎత్తావంటే ఇది రెండు దేశాల గొడవైపోద్ది. నీకే ఎక్కువ పడుద్ది. నోరు మూసుకో," అని చెప్పేవాడు. స్టేషన్లో ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడి, "మన ఒడ్డున రెల్లుపొదల్లో దొరికాడు సార్. ఊరేదో చెప్పటం లేదు," అనేవాడు. అంతా తెలిసిన ఇన్‌స్పెక్టర్ "అలాగా!" అని ఆశ్చర్యం నటించేవాడు. ఇన్‌స్పెక్టర్లు మారారు గాని ఆ మాట మారలేదు. ఊళ్ళోవాళ్ళు బున్‌లోమ్‌కు 'రెల్లుపొదల హెడ్డు' అని పేరు పెట్టారు. అతనికి ఆ పేరంటే లోలోపల మహా ఇష్టం.

ఒక ఎండాకాలం పొద్దున, ఏరు సన్నబడి ఇసుక మేటలు బయటపడిన రోజుల్లో, ముసలి తాన్ ఇవతలి ఒడ్డుకు దగ్గర్లో వల విసురుతున్నాడు. అవతలి నుంచి వెల్లుల్లి బస్తాలతో ఒక పొడుగు మోటారు పడవ బాణంలా దూసుకొచ్చి అతని చిన్న పడవను గుద్దింది. తాన్ నీళ్ళలో పడ్డాడు. మోటారు రెక్క అతని తొడ మీదుగా పోయింది. ఆ పడవ ఒక్క క్షణం ఆగినట్టే ఆగి, వెనక్కి తిరిగి, వచ్చిన దారినే పారిపోయింది. మేట మీద వేరుశనగ పీకుతున్న ఆడవాళ్ళు చూశారు. నీలం చొక్కా, ముఖానికి ఎండకు చుట్టుకున్న ఎర్రగళ్ళ తువాలు. అంతకు మించి ఎవరికీ ఏమీ ఆనలేదు.

తాన్‌ని ట్రక్కులో ఎక్కించి ఆసుపత్రికి పంపారు. అతని పెళ్ళాం ఆసుపత్రికి పోకుండా తిన్నగా స్టేషన్ మెట్ల మీదకొచ్చి కూర్చుంది. కట్టుకున్న బట్టంతా మొగుడి నెత్తురు.

"బతుకుతాడో లేదో తెలీదు హెడ్డూ. వాణ్ణి మాత్రం నా కళ్ళముందు నిలబెట్టు. నీ రెల్లుపొదలు ఇవాళ కూడా పండాల," అంది.

బున్‌లోమ్ బనీను కట్టి గడ ఎత్తాడు.

ఎప్పుడూ చుట్ట కాల్చేంతలో వచ్చే ఖంసింగ్ ఆ రోజు బాగా ఆలస్యంగా వచ్చాడు. నల్లరాయి దగ్గర పడవ ఆనించి, బున్‌లోమ్ చెప్పిందంతా తలొంచుకుని విన్నాడు.

"నీలం చొక్కా, సియావ్. మీ ఒడ్డునే ఎక్కాడు. తెచ్చివ్వు."

"ముసలాయన పోయాడా?"

"ఇంకా లేదు. కాలు మాత్రం దక్కదు."

"పోతే?"

"పోతే చాలా ఏళ్ళు పడుద్ది. పోకపోయినా పడుద్ది. ఆపకుండా పారిపోయాడుగా వెధవ."

ఖంసింగ్ నీళ్ళలో చెయ్యి పెట్టి తీశాడు.

"తెచ్చివ్వమంటున్నావా?"

"అంటున్నా."

"సియావ్‌గా అడుగుతున్నావా, పోలీసుగా అడుగుతున్నావా?"

బున్‌లోమ్‌కు చిరాకేసింది. "పోలీసుగా అడిగితే నువ్వెందుకిస్తావ్? సియావ్‌గానే అడుగుతున్నా. ఎన్నిసార్లు అడిగించుకుంటావయ్యా, పెళ్ళిచూపులా ఇవి?"

ఖంసింగ్ నవ్వలేదు. "ఇక్కడే ఉండు," అని పడవ తిప్పుకుని పోయాడు.

బున్‌లోమ్ నల్లరాయికి పడవ కట్టి కూర్చున్నాడు. బుట్టలోంచి జిగురన్నం ముద్దలు చేసుకుని తిన్నాడు. ఎండ నెత్తికెక్కింది. ఇవతలి మేట మీద జనం పోగయ్యారు, తాన్ పెళ్ళాం అందరికంటే ముందు నీళ్ళ అంచున నిలబడింది. అవతలి ఒడ్డున కూడా ఏదో సందడి. ఆడవాళ్ళు ఖంసింగ్ ఇంటివైపు నడుస్తున్నట్టు కనిపించింది. ఏదో శుభకార్యం కాబోలనుకున్నాడు.

చివరికి పడవ వచ్చింది. మోటారు వెయ్యకుండా తెడ్డుతోనే నెమ్మదిగా తెస్తున్నాడు ఖంసింగ్. ముందు నీలం చొక్కా మనిషి తల వంచుకుని కూర్చున్నాడు. చేతులకు తాడు లేదు. దానికి బదులు రెండు మణికట్ల నుంచి మోచేతుల దాకా తెల్లనూలు పోగులు, లెక్కలేనన్ని. పెళ్ళికొడుక్కి కూడా అన్ని కట్టరు. ఇదేం వేషం అనుకుంటూ బున్‌లోమ్ ముందుకు వంగాడు. ఆ మనిషి తలెత్తాడు.

సెంగ్. ఖంసింగ్ కొడుకు.

మొన్న మొన్నటి దాకా తన ఇంట్లో చాప మీద పడుకుని, తన పెళ్ళాం లమ్‌యాయ్ దంచిన బొప్పాయి పచ్చడి కారానికి ముక్కు చీదుకుంటూ తిన్న సెంగ్. తను వెనక పట్టుకుని పరిగెడుతూ మోటారు సైకిలు నేర్పిన సెంగ్. వెల్లుల్లి వ్యాపారి దగ్గర కూలికి కుదిరాడని ఎవరో అన్నారు గాని, ఇలా ఎదురొస్తాడని కలలో కూడా అనుకోలేదు.

"నాన్నా," అన్నాడు సెంగ్. ఆ మాట బున్‌లోమ్‌తోనే అన్నాడని ఇద్దరికీ అర్థమైంది.

"తీసుకుపో!" అరిచాడు బున్‌లోమ్. ఒడ్డున వింటారని వెంటనే గొంతు తగ్గించాడు. "నువ్వు రాలేదు, నేను చూడలేదు. తిప్పు పడవ. దొరకలేదని చెప్తా."

"నువ్వు అడిగావు."

"తెలీక అడిగాను సియావ్!"

"నాకు తెలుసు. నువ్వు చెప్పక ముందే తెలుసు. తడిబట్టలతో వచ్చి నా కాళ్ళ దగ్గరే పడ్డాడు. అందుకే మళ్ళీ మళ్ళీ అడిగించుకున్నా. నువ్వు వద్దంటావేమోనని చూశా."

"నీ కడుపున పుట్టినవాడయ్యా వీడు!"

"మరి ఇన్నాళ్ళూ ఇచ్చినవాళ్ళు? వాళ్ళేం చెట్టుకి కాశారా?" ఖంసింగ్ తెడ్డు పడవలో పడేశాడు. "వాళ్ళమ్మలు రోజూ నా గుమ్మం ముందు నుంచే బజారుకి పోతారు. నా కొడుకు దగ్గరకొచ్చేసరికి దొరకలేదంటే రేపట్నుంచి ఆ గుమ్మంలో ఎలా కూచోను? వీణ్ణి పంపుతున్నానని తెలిసి వాళ్ళంతా మా ఇంటికొచ్చారు సియావ్. దుమ్మెత్తి పోస్తారనుకున్నా. నూలు తెచ్చారు. క్షేమంగా తిరిగి రమ్మని అందరూ తలా ఒక పోగు కట్టారు."

బున్‌లోమ్ ఆ చేతులవైపు చూశాడు. ఇన్నేళ్ళలో తను పడవలో ఎక్కించుకున్న కుర్రాళ్ళకు తల్లులుంటారన్న ఊహ అతనికి ఒక్కసారైనా వచ్చి ఉంటే ఒట్టు. గేదె దొంగ, మోటారు దొంగ, తాగి పొడిచినవాడు, అంతే. ఆ తెల్లపోగులు చూస్తుంటే సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది.

సెంగ్ తనంతట తానే లేచి ఇవతలి పడవలోకి అడుగేశాడు.

ఒడ్డు చేరేలోపు, అలవాటు ఎంత పాడుదంటే, బున్‌లోమ్ నోరు దానంతటదే తెరుచుకుంది. "ఊరి పేరు, నాన్న పేరు ఎత్తకు నాయనా. ఎక్కువ పడుద్ది." ఒడ్డెక్కగానే తాన్ పెళ్ళాం వచ్చి సెంగ్ చెంప పగలగొట్టింది. ఆ తర్వాత ఆ నూలు చూసి, రెండో దెబ్బకు ఎత్తిన చెయ్యి దించేసి, ఇసుకలో కూలబడి ఏడ్చింది. స్టేషన్లో, "మన ఒడ్డున రెల్లుపొదల్లో దొరికాడు సార్. ఊరేదో చెప్పటం లేదు," అన్నాడు బున్‌లోమ్. "అలాగా!" అన్నాడు ఇన్‌స్పెక్టర్. పక్కనే నిలబడి ఉన్న సెంగ్, ఊరూ తండ్రీ లేనివాడైపోయి, బిత్తరచూపులు చూశాడు.

ఇంటికెళ్ళేసరికి లమ్‌యాయ్‌కి సంగతి తెలిసిపోయింది. అన్నం బుట్ట మూత కూడా తియ్యలేదు.

"ఏమయ్యా, నీ రెల్లుపొదల్లో ఈసారి మన బిడ్డే దొరికాడంట కదా?" అంది.

తాన్ బతికాడు, ఒంటికాలితో. సెంగ్‌కి శిక్ష పడి, జిల్లాలోని పెద్ద జైలుకు పంపారు. లమ్‌యాయ్ కట్టిచ్చిన ఎండుచేపల పొట్లం పట్టుకుని బున్‌లోమ్ మొదటిసారి చూడబోయాడు. జైల్లో పోగులన్నీ తెంపేశారట. కుడిచేతికి ఒక్కటి మాత్రం మిగిలింది. చెమటకు నల్లబడిపోయి కంటికి ఆనక బతికిపోయింది.

"ఇది పెంగమ్మ కట్టింది నాన్నా," అన్నాడు సెంగ్. "కట్టేటప్పుడు చెవిలో చెప్పింది. లోపల మా అబ్బాయి విసాయ్ ఉంటాడు, కనిపిస్తే శిక్ష అయిపోయుంటదిగా, ఇంటికి రమ్మను అంది. నేనన్ని గదులూ అడిగా. ఎవరికీ తెలీదంటున్నారు. వేరే జైలుకేమైనా మార్చారా?"

విసాయ్. పడవ మోటారు దొంగిలించిన కుర్రాడు. ఎత్తుపళ్ళు, నవ్వు ముఖం. దారి పొడుగునా ఊరు గురించి వాగుతూనే ఉంటే తనే కసిరి నోరు మూయించాడు. అతన్ని అప్పజెప్పాక ఏమయ్యాడని బున్‌లోమ్ మళ్ళీ అడగలేదు. అతన్నే కాదు, ఎవర్నీ అడగలేదు. కొందరు శిక్ష ముగిశాక వాళ్ళంతట వాళ్ళే ఏరు దాటి పోయి ఉంటారు. చేతి నుంచి చేతికి ఇస్తానన్న మాట సారా గిన్నెతోనే కొట్టుకుపోయింది.

వెళ్ళి అడిగితే జైలు గుమాస్తా పళ్ళు కుట్టుకుంటూ చెప్పాడు. "ఓ, వాడా! వచ్చిన రెండో వానాకాలమే జ్వరమొచ్చి పోయాడుగా."

"పోయాడా? మరి... ఎవరికీ కబురు పెట్టలేదా?"

"ఎవరికి పెట్టమంటావ్ హెడ్డూ? ఊరు లేదు, అమ్మా నాన్నా లేరు. ఏటి ఒడ్డున దొరికాడని పంపింది మీరేగా? గుళ్ళో కాల్పించేశాం."

బున్‌లోమ్ అక్కడే గచ్చు మీద కూర్చుండిపోయాడు. చంపింది జ్వరమే, నిజమే. కానీ వాడు ఎవరికీ ఏమీ కానివాడిగా చావడానికి కారణం తను. ఏళ్ళ తరబడి నవ్వుతూ చెప్పిన ఆ ఒక్క ముక్క. ఆ ముక్కతో ఎంతమందికి ఊరు లేకుండా చేశాడో లెక్కే లేదు. లేచి, గుమాస్తా ముందు నిలబడి, సెంగ్ ఊరి పేరు, తండ్రి పేరు, తల్లి పేరు గట్టిగా చెప్పాడు. రాసుకునేదాకా కదల్లేదు.

ఆ సంగతి తెలిసి ఇన్‌స్పెక్టర్ ఒంటికాలి మీద లేచాడు. "పరాయి దేశం నీళ్ళలోంచి మనిషిని ఎత్తుకొచ్చానని నువ్వే చెప్పుకుంటావా? నా ఉద్యోగం పీకించేస్తావా?" బున్‌లోమ్ చేతులు కట్టుకుని నిలబడి అన్నీ పడ్డాడు. రావలసిన ప్రమోషన్ రాలేదు.

విసాయ్‌ని కాల్చిన గుడి వెనక చూరు కింద, అడిగేవాళ్ళు లేని బూడిద కుండలు వరసగా ఉన్నాయి. ముసలి భిక్షువు వెతికి ఒకటి ఇచ్చాడు. దాని మీద సుద్దతో 'నది మనిషి' అని ఉంది. ఇంటికి తెస్తే లమ్‌యాయ్ ఏమీ అడక్కుండా దాన్ని తుడిచి, గూట్లో పెట్టి, రోజూ అగరుబత్తి వెలిగించింది. బున్‌లోమ్ ఎన్నోసార్లు బనీను గడకు కట్టాడు. కట్టి, ఎత్తలేక విప్పేశాడు. నీ కొడుకు ఉన్నాడు గాని పెంగమ్మ కొడుకు ఎప్పుడో బూడిదయ్యాడని ఖంసింగ్ ముఖం మీద చెప్పడానికి అతనికి నోరు రాలేదు. పిరికితనం కాక ఏమిటది?

సెంగ్ విడుదలయ్యాడు. ఇక గడ ఎత్తక తప్పలేదు.

నల్లరాయి దగ్గరకు ఈసారి ఖంసింగ్ ఒక్కడే రాలేదు. సెంగ్ తల్లి వచ్చింది. ఆవిడ వెనక, కొత్త బట్ట కట్టుకుని, జుట్టు నున్నగా దువ్వుకుని పెంగమ్మ వచ్చింది. ఒడిలో అరటాకు కప్పిన అన్నం బుట్ట.

బున్‌లోమ్ సెంగ్ చెయ్యి పట్టి ఖంసింగ్ చేతిలో పెట్టాడు. తల్లి వాణ్ణి లాక్కుని తల నిమురుతూ ఏడ్చింది. పెంగమ్మ మాత్రం ఇంకా ఇవతలి పడవలోకే చూస్తోంది. మెడ చాచి బున్‌లోమ్ వెనక చూసింది, బల్లల కింద చూసింది.

"ఒక్కడేనా హెడ్డుగారూ?" అంది. "జైలు నుంచి ఇద్దరొస్తారనుకున్నా."

బున్‌లోమ్ కాళ్ళ దగ్గరున్న బూడిద కుండకు చుట్టిన గళ్ళ తువాలు విప్పి దాన్ని రెండు చేతులతో ఎత్తాడు. ఖంసింగ్ దాన్ని చూశాడు. తర్వాత బున్‌లోమ్‌ని చూశాడు.

"ప్రాణంతో అన్నాను," అన్నాడు.

"అన్నావు."

ఖంసింగ్ చేతులు చాచబోయాడు. పెంగమ్మ ఆ చేతులను పక్కకు నెట్టి కుండను తనే అందుకుంది. అరవలేదు, గుండెలు బాదుకోలేదు. సెంగ్ మణికట్టు దగ్గరకు లాక్కుని, నల్లబడిన ఆ పోగు ముడి పళ్ళతో విప్పి, కుండ మెడకు కట్టింది. "రా నాన్నా, ఇంటికి రా," అని, పోగు కట్టేటప్పుడు ఏ తల్లైనా అనే మాటే అంది. సుద్దతో రాసిన అక్షరాలను బొటనవేలితో రుద్దుతూ తలెత్తింది.

"తప్పిపోతే చెప్పుకోవాలని మాటలొచ్చిన ఏడాదే నేర్పాను హెడ్డుగారూ. మా ఊరి పేరు, వాళ్ళ నాన్న పేరు, నా పేరు. నిద్దట్లో లేపినా చెప్పేవాడు. మరి మీ దేశంలో వాణ్ణెవరూ అడగలేదా?"

"చెప్పాడమ్మా," అన్నాడు బున్‌లోమ్. "ఈ పడవలోనే, నువ్వు నేర్పినట్టే అన్నీ చెప్పాడు. నేనే నోరు మూయించాను."

పెంగమ్మ కుండను ఒడిలో అన్నం బుట్ట పక్కన పెట్టుకుంది. ఖంసింగ్ తెడ్డు తీసుకుని నల్లరాయిని ఒక్క నెట్టు నెట్టాడు, పడవ అవతలివైపు సాగింది.